బొడ్డులోతు వేణ్ణీళ్ళ విజయము

ఆవిరి తల్లీ! కుండ మూతి మీద పుట్టి, పొగగొట్టం కొన దాకా ఎగిరి, ముసలివాళ్ళ మోకాళ్ళలో కాసేపు కాపురముండి పోయే వెచ్చని తల్లీ! వచ్చి నా నాలుక మీద కూర్చో. ఈవేళ నేను చెప్పబోయేది రాజుల కథ కాదు, రాజ్యాల కథా కాదు. మా తమ్ముడు తోదేరు, ఎవరో వాడి వదిలేసిన వేణ్ణీళ్ళ తొట్టిని కొనవలెనా మానవలెనా అన్న మహాసంగ్రామంలో భార్యాసమేతుడై దిగి, పోరాడి, ఓడి, మళ్ళీ లేచి, చిట్టచివరకు బొడ్డుదాకా గెలిచిన కథ.

అది శరత్కాలాంతము. ఆల్బుకరా చెట్లు ఫలభారం దించుకుని, పత్రాభరణాలను ఒక్కొక్కటిగా విప్పుకుంటూ చలికి ముడుచుకుంటున్న వేళ. పెరటి పెరటికీ కాగుతున్న సారాబట్టీల ధూమం మేఘమండలాన్ని సైతం తూలించుచున్న వేళ. దెమెత్రి పునీతుని పండుగ దగ్గరపడినందున ఊళ్ళో ఆడవాళ్ళందరూ క్యాబేజీ సంహారార్థమై కత్తులు నూరుకుంటున్న వేళ. మరమురేషు కొండల నడుమ, ఈజా నదీతీరమందు, చెక్కలతో కట్టిన చర్చి శిఖరం మబ్బును పొడిచి నిలిపిన మా వలేని గ్రామమందు, మొక్కజొన్న సంకటి పొయ్యి మీద కుతకుతలాడుతున్న ఒకానొక మధ్యాహ్న శుభముహూర్తాన ఈ యుద్ధం మొదలైంది.

నాయకుణ్ణి ముందు చూపిస్తాను, తరువాత తికమక పడనక్కరలేదు. వృక్షకులాంతకుడు, పరశుహస్తుడు, దేవదారువన దావానలుడు, ఆజానుబాహుడు కాకపోయినా ఆకర్ణశ్మశ్రువు, అనగా మీసాలు చెవుల దాకా పోయినవాడు, మా అమ్మ కడుపున నా తరువాత పుట్టినవాడు, తోదేరు. కొండ మీద పట్నం వాళ్ళు వచ్చి దిగే బస ఒకటుంది. దాని పెరట్లో చెక్కతో చేసిన పెద్ద తొట్టి, దాన్ని ఆనుకుని ఇనప పొయ్యి. చలికాలం వస్తే చాలు, క్లుజు పట్నం నుంచి, ఇంకా దూరం నుంచి జనం కార్లలో వచ్చి, మంచు పడుతుండగా ఆ వేణ్ణీళ్ళలో మెడలదాకా మునిగి, ఉడకేసిన బంగాళాదుంపల్లా తలకాయలు మాత్రం తేల్చి, ఆహా ఓహో అని మూలుగుతూ కూర్చుంటారు. ఆ పొయ్యికి కట్టెలు వేసేది మా తోదేరు. ఎన్ని చలికాలాలు వేశాడో దేవుడికే తెలియాలి. ముందు పక్క సెగ, వెనక పక్క మంచు. మీసం ఒక వైపు కాలుతుంటే రెండో వైపు గడ్డకడుతుంది. తొట్టిలోంచి ఎవడో బుడ్డోడంత వయసువాడు చెయ్యి ఊపి, "పెద్దాయనా, ఇంకో కట్టె!" అంటాడు. వీడు వేస్తాడు. నీళ్ళు సరిగ్గా కాగాయా లేదా అని చూడడానికి మోచెయ్యి ముంచుతాడు. ఇంత జీవితంలోను వీడి శరీరంలో వేణ్ణీళ్ళ తొట్టిలోకి దిగిన అంగం ఆ కుడి మోచెయ్యి ఒక్కటే.

ఇది వాడు ఎవరితోనూ అనలేదు. కాని నేను వాడి అక్కని. ఇంటికొచ్చాక ఆ మోచేతిని రెండో చేత్తో పట్టుకుని కూర్చోవడం చూశాను.

ఇక రెండో పక్షం. తోదేరు భార్య సవేత. సంకటి తెడ్డు పట్టిన సాక్షాత్ రణచండిక, ఊరగాయ పీపాల సార్వభౌమురాలు, నోరు తెరిస్తే కుక్కలు గొలుసు తెంపుకోవడం మానేసి కూర్చునే గంభీరనాదిని. ఆరోజు ఆమె ఒక మహాశోకంలో ఉంది. వాళ్ళమ్మ ఇచ్చిన, క్యాబేజీ ఊరబెట్టే పీపా కట్టు తెగి, పలకలు పువ్వులా విచ్చుకుని, ఎండాకాలం నుంచి పశువుల కొట్టంలో పడి ఉంది. కొత్తది చేయించమని ఆమె, రేపని అతడు. పెరట్లో క్యాబేజీలు మాత్రం శత్రుశిరస్సుల్లా గుట్టపడి ఎదురుచూస్తున్నాయి.

అప్పుడు, సవేత పలక మీద బోర్లించిన సంకటిని దారంతో ముక్కలు కోస్తుండగా, నేను నోరు తెరుచుకు చూస్తుండగా, మా తోదేరు ఉత్తుంగ శైలశిఖరము మీద నిలుచున్న సింహము వలె జూలు విదిల్చి, దిక్కులు పిక్కటిల్లునట్లు తన సంకల్పాన్ని ఘోషించెను. అంటే, సంకటి ముద్ద కేసి చూస్తూ గొణిగాడు.

"గవ్రీల పాత తొట్టి అమ్మేస్తున్నాడట."

సవేత దారం ఆగింది. "ఏ తొట్టి?"

"అదే, వేణ్ణీళ్ళది. చెక్కది."

"గొడ్లకా?"

"మనకే."

"మనకెందుకూ? మనకి బకెట్ లేదా, లోటా లేదా?"

"అది వేరు, ఇది వేరు."

"ఏం వేరు? అక్కడి నీళ్ళు పైకి పారతాయా? ఏమయ్యా, ఎండాకాలం నుంచి పీపాకి కట్టు వెయ్యమని మొత్తుకుంటుంటే నీకు తీరిక లేదు. ఇప్పుడు ఒళ్ళు నానబెట్టుకోవడానికి పీపా కావాలా? అంత నానాలనుంటే క్యాబేజీలతో పాటు నానుదువు గాని రా, ఉప్పు నేనే వేస్తాను."

"నడుం నొప్పికి మంచిదంట."

"ఎవరన్నారు?"

"గవ్రీల."

"అమ్మేవాడు అనక ఇంకేమంటాడు? వదినా, వింటున్నావా మీ తమ్ముడి సంగతి? గేటు బయట బల్ల మీద ఊరి ఆడాళ్ళంతా కూర్చుని చూస్తుంటే, ఈయన బట్టలిప్పుకుని పెరట్లో ఉడుకుతాడంట. ఎదురుగా చర్చి అయ్యగారి కిటికీ!"

నా నోటినిండా సంకటి, పైన మీగడ.

తోదేరు తల వంచుకుని, "చూసొద్దాం. చూడ్డానికేం పోయింది?" అన్నాడు.

ఇది వినండి. సవేత వద్దంటే ఆ రోజే కథ అయిపోయేది. కాని ఊళ్ళో ఎవరింట్లో ఏ వస్తువు ఏ ధరకి పోతోందో చూడకుండా ఉండడం ఆమె ధర్మశాస్త్రంలో లేదు. "సరే, నేనూ వస్తాను. కొనడానికి కాదు, కొనకుండా చూడ్డానికి. వదినా, నువ్వూ రా. సాక్ష్యానికి ఒకరుండాలి," అంది.

అంతట, తురగరాజమగు మూర అనే మా నల్ల గుర్రం బండికి కట్టబడి, చక్రఘోషకు రాస్తాలోని కోళ్ళు పలాయనమంత్రం పఠించగా, ముందు గొడ్డలి పక్కన పెట్టుకుని తోదేరు, పక్కన కొత్త ఉన్ని దుప్పటి కప్పుకుని సవేత, వెనక గడ్డి మీద నేను, ముగ్గురం జైత్రయాత్రకు బయలుదేరాం. తోదేరు ఎక్కడికెళ్ళినా గొడ్డలి వెంట ఉంటుంది. పెళ్ళికి కూడా తెస్తే మా అమ్మ గుమ్మంలో పెట్టించింది. దారిలో బల్లల మీద కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే, "ఎక్కడికమ్మా?" అని అడిగారు. సవేత ప్రతి బల్లకీ, "ఎక్కడికీ కాదు!" అని సమాధానం చెప్పింది. అందువల్ల మేము గవ్రీల గేటు చేరేసరికే ఊరంతటికీ ఏదో ఉందని తెలిసిపోయింది.

గవ్రీల అంటే పట్నంలో బస్సు నడిపి వయసయ్యాక ఊరికి తిరిగొచ్చినవాడు. కొత్తగా ప్లాస్టిక్ తొట్టి తెప్పించాడు; నీళ్ళలో బుడగలు లేస్తాయి, అడుగున ఎర్ర దీపం, నీలి దీపం వెలుగుతాయి. పాతదాన్ని కంచె పక్కకి దొర్లించి, ఎండాకాలమంతా అక్కడే వదిలేశాడు.

తొట్టి కనబడింది. దేవదారు ఫలక ప్రాకార పరివృతమై, లోహవలయ మేఖలాలంకృతమై, పార్శ్వభాగాన జ్వాలాగర్భుడైన పొయ్యిని దాసుడిలా నిలుపుకుని, ఆకాశానికి ఎత్తిన పొగగొట్టమనే ధ్వజంతో, పాలు పితకడం అయిపోయిన ఆవులా నింపాదిగా నిలుచుని ఉంది. తోదేరు దాన్ని చూసిన చూపు, పెళ్ళిచూపుల్లో కూడా చూడలేదు. సవేతే అన్నది ఆ మాట, తరువాత.

"రా బావా, రా! చెల్లెమ్మా, పరాస్కక్కా, రండి రండి!" అంటూ గవ్రీల చేతులు చాపాడు. "ఇదిగో, చూసుకోండి. ఇది తొట్టి కాదు బావా, మందు. నడుం పట్టేసి వంగిపోయినవాడు ఇందులో కూర్చుని పాట పాడుతూ లేచాడు."

"ఎవరు?" అంది సవేత.

"నేనే."

"నువ్వు నడుం బాగున్నా పాడతావు గదా గవ్రీలన్నా. నీ పాటకి నిద్రపోలేనివాళ్ళు ఆపమని నీ గేటుకి మొక్కుతారు."

గవ్రీల ఆ దెబ్బ తిని కూడా నిలబడ్డాడు. బస్సు తోలినవాడు, ఎన్ని మాటలు వినలేదు! "డబ్బు అడగను. మనలో మనకి డబ్బేమిటి? ఒక పెద్ద గాజు సీసాడు సారా, పొగబెట్టిన పంది తొడ ఒకటి. అంతే."

"తొడా?" సవేత రెండు చేతులూ నడుము మీదికి పోయాయి. "ఈస్టరుకి దాచిన తొడ! ఆ తొడ కోసం నేను పొగలో ఎంత ఏడ్చానో నీకేం తెలుసు?"

అప్పుడు జరిగింది ఆ ఘోరం. ధర చెప్పి, నోరు మూయకుండానే, గవ్రీల జేబులోంచి చిట్టి గ్లాసులు రెండు తీసి, సారా పోసి, ఒకటి తోదేరు చేతికిచ్చాడు. "చలిగా ఉంది బావా, పుచ్చుకో." మా తోదేరు ఆలోచన అంతా తొట్టిలో ఉంది. చెయ్యి మాత్రం ఒంటరిగా మిగిలింది. పుట్టిన దగ్గరనుంచి, చేతికి గ్లాసు తగిలితే నోటికి తీసుకుపోవడం తప్ప వేరే విద్య నేర్వని ఆ హస్తము, స్వామి అనుమతి అడగకుండా, శరవేగంతో పైకి లేచి గ్లాసు ఖాళీ చేసెను.

గవ్రీల కూడా గుటుక్కున మింగి, చప్పట్లు చరిచాడు. "కుదిరింది బేరం! అల్దమాషు తాగేశాడు!"

మా దగ్గర ఇదొక కట్టుబాటు. ధర చెప్పాక, అమ్మేవాడూ కొనేవాడూ కలిసి గ్లాసు తాగితే బేరం అయిపోయినట్టే. ఆ గ్లాసునే అల్దమాషు అంటాం. తాగాక వెనక్కి తిరిగితే అటువంటివాడితో ఊళ్ళో ఎవరూ దూడని కూడా మార్చుకోరు. తోదేరు ఖాళీ గ్లాసును చూసి, గ్లాసు అడుగున తన బతుకు కనబడ్డట్టు మొహం పెట్టాడు. కొనాలని వచ్చినవాడే; అయినా పెళ్ళాన్ని అడగకుండా కొన్నవాడై పోయాడు. ఆ రెంటికీ మధ్య ఎంత లోయ ఉందో పెళ్ళైనవాళ్ళకి చెప్పనక్కరలేదు.

అప్పుడు సవేత, ప్రళయకాల పర్జన్యమువలె ఉరిమినదా? లేదు. చిన్నగా, తియ్యగా అడిగింది. ఉరిమితే బావుండునే అనిపించింది.

"గ్లాసులు తగిలాయా?"

"ఏమిటి చెల్లెమ్మా?"

"నీ గ్లాసూ, ఈయన గ్లాసూ. టింగుమన్నాయా? టింగుమనకుండా అల్దమాషు ఎక్కడైనా ఉందా? ఊరికే తాగితే అది దాహం. వదినా, నీకు టింగుమన్నట్టు వినబడిందా?"

ముగ్గురూ నా వైపు తిరిగారు. మా తమ్ముడి కళ్ళు ఒకటి అడుగుతున్నాయి, మరదలి కళ్ళు ఇంకొకటి అడుగుతున్నాయి. ఉన్నమాట చెప్పాను. "ఎడమ చెవి నాకు ఎలాగూ వినబడదు. కుడి చెవికి మాత్రం గుటుక్కు వినబడింది గాని టింగు వినబడలేదు."

"అయ్యో పరాస్కక్కా, నువ్వు కూడానా!" అన్నాడు గవ్రీల.

"ఇంకోసారి పొయ్యకు గవ్రీలన్నా, గ్లాసు లోపల పెట్టు. ముందు నీళ్ళు పోసి చూపించు. ఒట్టి పీపాని ఎవరు కొంటారు?" అంది సవేత.

గొట్టం పెట్టి నీళ్ళు వదిలారు. కొండ మీది ఊటనీరు, పళ్ళు జివ్వుమనేంత చల్లన. కాసేపు ఏమీ లేదు. తోదేరు అలవాటు కొద్దీ చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచెయ్యి లోపల ముంచి, ఆ చన్నీళ్ళలోనే తల ఊపుతూ నిలబడ్డాడు, సరిగ్గా కాగాయన్నట్టు. అప్పుడు ఆ దుర్గము శతముఖముల, సహస్రముఖముల భేదింపబడెను. పలకకీ పలకకీ మధ్య నుంచి, కట్టు కింద నుంచి, అడుగు నుంచి, చూస్తుండగానే జలధారలు బాణవర్షమై ఎగిశాయి. ఒకటి గవ్రీల ప్యాంటుకి, ఒకటి నా దుప్పటికి, ఒకటి సూటిగా మూర మూతికి తగిలింది. గుర్రం తుమ్మింది. పోసినంత పోయింది. తొట్టి కాదు, జల్లెడ.

"కుళ్ళిపోయింది," అన్నాడు తోదేరు. తడి మోచేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"మొన్న వసంతంలో కూర్చున్నానే! చుక్క కారలేదే!" గవ్రీల తొట్టి చుట్టూ తిరిగి, ఒక్కొక్క కన్నానికీ వేలు పెట్టాడు. ఒకటి మూస్తే పక్కది నవ్వింది. కాసేపటికి కోపమొచ్చి కాలితో తన్నాడు. "పో! దీన్ని ఇంకెవడు కొంటాడు? బావా, గొడ్డలి తెచ్చావుగా, నువ్వే నరికెయ్. పొయ్యిలోకి పనికొస్తుంది. సగం కట్టెలు నువ్వు పట్టుకుపో, ఊరికే."

చూశారా విధి! వేణ్ణీళ్ళలో కూర్చోవాలని వచ్చినవాడికి మళ్ళీ కట్టెలే దక్కాయి.

సవేత గెలిచింది. ఏమీ చేయనక్కరలేదు, ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు. తొడ దక్కుతుంది, పరువు దక్కుతుంది, అయ్యగారి కిటికీకి శాంతి దక్కుతుంది. కాని అదే ఘడియలో, ఆమె హృదయమనే కురుచ మైదానంలో రెండు సేనలు ఎదురెదురుగా మోహరించాయి. ఒకవైపు ఈస్టరు తొడ గజరాజమై ముందు నడవగా, ఊరి బల్లల మీది నాలుకలు శంఖాలూదగా, మౌనం సేనాధిపతియై నిలిచెను. రెండోవైపు, ప్రతి శరత్తులోను పీపాలకు నీళ్ళు తాగించి, తడిగుడ్డలు చుట్టి, పలకలు ఉబ్బి ఒకదాన్నొకటి కావిలించుకునేదాకా కాపలా కాసిన ఆమె విద్య, కాలు దువ్వుతూ, కళ్ళెం కొరుకుతూ లేచెను. ఆమెకు తెలుసు. ఆ తొట్టి కుళ్ళలేదు. ఎవరైనా ఆమె ఎదుట మంచి పలకను కుళ్ళిందంటే, కన్నబిడ్డను కుంటిదన్నట్టు ఆమెకు ఒళ్ళు మండుతుంది. అయినా పళ్ళు బిగించి నిలబడింది. ఆ సేన వెనకాల, పెరట్లోని క్యాబేజీలు గుట్టగా, దిక్కులేనివై, "మాకు ఇల్లేదమ్మా?" అని అరుస్తున్నాయి. అయినా నోరు విప్పలేదు.

తోదేరు గొడ్డలి తెచ్చాడు. కుడిచెయ్యి చొక్కా ఇంకా మడిచే ఉంది, మోచేతి నుంచి నీళ్ళు కారుతున్నాయి. గొడ్డలి ఎత్తాడు. చెట్టుని కొట్టేటప్పుడు వాడు ఎప్పుడూ ఆగడు. అప్పుడు ఆగాడు. ముక్కు ఎగబీల్చి, మళ్ళీ ఎత్తాడు.

"ఆగు!"

ఆ అరుపుకి గవ్రీల కొత్త తొట్టిలో నీలి దీపం వెలిగింది. ఒట్టు, చూశాను. గవ్రీల బెదిరి వెనక్కి అడుగేసి దాని మీట మీద చెయ్యి వేశాడు.

"దింపు గొడ్డలి! కుళ్ళడమేమిటి నీ మొహం! పలక చూడు, వాసన చూడు, గోరు దిగుతోందా? ఎండాకాలమంతా ఎండలో పడేస్తే పలకలు ముడుచుకోవూ? దాహమేసిందయ్యా దానికి! నీళ్ళు పెట్టి, తడిగుడ్డలు చుట్టి ఉంచితే ఉబ్బి బిగుసుకుంటుంది. గవ్రీలన్నా, బస్సు తోలావు గాని, ఎప్పుడైనా క్యాబేజీ పెట్టావా నువ్వు?"

"మా ఆవిడ కొట్లో కొంటుంది చెల్లెమ్మా," అన్నాడు గవ్రీల, దొంగతనం ఒప్పుకున్నట్టు. వెంటనే మొహం వెలిగింది. "అయితే తొట్టి మంచిదేనన్నమాట! అయితే తొడ..."

"తొడా లేదు, తోకా లేదు. ఇప్పుడే గదా కట్టెల కింద ఊరికే పట్టుకుపొమ్మన్నావు? సగం కట్టెలు మావి. మిగతా సగానికి సారా సీసా. పొయ్యి కొసరు కింద పడెయ్. ఇంక మాట్లాడితే మూరని నీ కూరమళ్ళలోకి వదుల్తాను."

గవ్రీల నన్ను చూశాడు. నేను మబ్బుల్ని చూశాను. చివరికి నవ్వేశాడు, మంచివాడే, పాట ఒక్కటే గాని. చిట్టి గ్లాసులు మళ్ళీ బయటికి వచ్చాయి. తోదేరు చెయ్యి చాపబోయాడు. సవేత ఆ చేతిని పక్కకి నెట్టి, తానే గ్లాసు తీసుకుని, గవ్రీల గ్లాసుకి కొట్టింది.

టింగ్.

ఎడమ చెవికి కూడా వినబడింది నాకు.

బండిలో తిరిగి వస్తూ, తొట్టి పక్కన ఇరుక్కుని కూర్చున్న సవేత శాసనం చదివింది. "విను. దెమెత్రి పండుగ నుంచి ఈస్టరు దాకా ఇది క్యాబేజీది. పక్కన గొట్టాల కన్నాలకి బిరడాలు కొట్టిస్తావు. నాకు పీపా దొరికింది, అంతే. నీ వల్ల కొన్నాననుకోకు."

"మరి నేను?"

"పండుగ ముందు రోజు నీది. ఒకసారి."

"ఒకసారేనా?"

"పొయ్యి నేను వేస్తాను," అంది సవేత, రోడ్డు వైపు చూస్తూ.

తోదేరు ఇంకేమీ బేరమాడలేదు. క్యాబేజీ కోసం నోరు విప్పిందా, ఆ తడి మోచేతి కోసమా అని నేను ఇన్నేళ్ళలో చాలాసార్లు అడిగాను. ఇంతవరకూ చెప్పలేదు. అడిగినప్పుడల్లా ఇంకో ముక్క సంకటి నా కంచంలో వేస్తుంది.

పండుగ ముందు రోజు మధ్యాహ్నం, వేళ కాని వేళ తొలిమంచు పడింది. తొట్టి కింది సగం నీళ్ళు తాగి, ఉబ్బి, చుక్క కారకుండా బిగుసుకుంది. పై సగానికి దాహం ఇంకా తీరలేదు. అందుచేత నీళ్ళు సగం దాకానే నిలిచాయి. సవేత పొయ్యి వెలిగించింది. ఊరి ఆడవాళ్ళందరూ మా గేటు ఎదుటి బల్ల మీద, చాలక దుంగల మీద, దుప్పట్లు కప్పుకుని ఆసీనులైరి. అయ్యగారి కిటికీ పరదా కొంచెం పక్కకి తప్పుకుంది.

అప్పుడు, హిమవర్షం పుష్పవర్షమై కురియుచుండగా, కోళ్ళు మంగళవాద్యాలు మోగించుచుండగా, పాదాలకు రబ్బరు బూట్లు, నడుమున పాత లాగు, శిరస్సున గొర్రెబొచ్చు టోపీ ధరించిన తోదేరు మహావీరుడు ఇల్లు వెడలెను. బూట్లు విడిచెను. ఒక కాలు వేసెను. "అబ్బా" అనెను. రెండో కాలు వేసెను. మెల్లగా, దేవుడు చూస్తున్నాడేమో అన్నట్టు బెదురుగా, కూర్చున్నాడు.

నీళ్ళు బొడ్డుదాకా వచ్చాయి.

బొడ్డుకి కింద వేసవి. పైన చలికాలం. ఛాతీ మీద వెంట్రుకలకి మంచు పట్టింది. మీసం, పొయ్యి లేని వైపు, గడ్డకట్టింది. వాడి మొహం మాత్రం చర్చిలో వెలిగించిన కొవ్వొత్తిలా ఉంది.

"తోదేరూ!" అని అయ్యగారు కిటికీలోంచి పిలిచారు. "ఉపవాసాల క్యాబేజీ రోజులు ఇంకా రాలేదు. అప్పుడే సగం ఉడికావేమిటి?"

"మిగతా సగం ఈస్టరుకి, అయ్యగారూ!"

బల్ల మీదివాళ్ళు పడీపడీ నవ్వారు. "సవేతా, ఉప్పేశావా? మిరియం?" అని ఒకరు, "మూత పెట్టండమ్మా, ఆవిరి పోతోంది!" అని ఇంకొకరు. సవేత వాళ్ళవైపు చూడలేదు. పొయ్యి ముందు చిన్న పీట మీద కూర్చుని, సెగకి మొహం ఎర్రబడి, కట్టెలు సర్దుతోంది.

మంట కొంచెం తగ్గింది. ఆ చిటపట మారగానే తోదేరు చెవి నిక్కబొడుచుకుంది. ఇన్ని చలికాలాల అలవాటు. చప్పున లేవబోయాడు, కట్టె వేద్దామని. నీళ్ళు ఒక్కసారి మోకాళ్ళ దాకా దిగిపోయాయి.

"కూర్చో!" అంది సవేత. "పొయ్యి నాదని చెప్పానా?"

కూర్చున్నాడు. కొంచెంసేపు టోపీ మీద మంచు పేరుకుంటుంటే ఊరుకున్నాడు. తరువాత తొట్టి అంచు మీద చెయ్యి జాపాడు. మోచెయ్యి బయటే ఉంది. మిగతా సగం మనిషి లోపల ఉన్నాడు. గొంతు సవరించుకుని, క్లుజు నుంచి వచ్చినవాడిలా వేళ్ళు ఊపుతూ అన్నాడు:

"పెద్దమ్మా, ఇంకో కట్టె!"

బల్ల మీది మెడలన్నీ సాగాయి. సవేత లేచింది. చేతిలో కట్టె ఉంది, మంచి లావుపాటిది. తోదేరు టోపీ కిందికి లాక్కుని తల దాచుకున్నాడు. సవేత ఆ కట్టెని వాడి తల మీదుగా ఒకసారి ఆడించి, వంగి, పొయ్యిలో వేసింది.

"చాలా, దొరగారూ?"

"చాలు," అన్నాడు. వాడి మీసం రెండు వైపులా కరిగింది.

జయము! జయము! వినుడో జనులారా! వలేని గ్రామవాసియగు తోదేరు, తొడ ఇవ్వకుండా, పరువు పూర్తిగా పోకుండా, ఒక కట్టె కాలినంత సేపు, బొడ్డులోతు వేణ్ణీళ్ళలో, వేరొకరు వేసిన పొయ్యి పక్కన, కూర్చున్నాడు! బొడ్డుకి పైన ఉన్న రాజ్యం ఇంకా శత్రువశంలోనే ఉంది. దాని సంగతి ఈస్టరు తరువాత చూసుకుంటాడు.

మర్నాడు సవేత తొట్టిని వేడినీళ్ళతో, ఉప్పుతో, గుర్రపు బ్రష్షుతో, కసితో తోమి, బిరడాలు బిగించి, క్యాబేజీలు సర్ది, పైన రాయి పెట్టింది. ఆ చలికాలం క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టి వండినప్పుడల్లా, ఇంత రుచి ఎక్కడిదని ఊరంతా అడిగింది. తోదేరు తలవంచుకుని, రెండో విడత వడ్డించుకునేవాడు. నేను మాత్రం ప్రతిసారీ శిలువ గుర్తు వేసుకునే తిన్నాను.

ఈ తొట్టి కథను విన్నవారి పీపాలు కారకుండును గాక. చెప్పినవారికి మోకాళ్ళ నొప్పులు సడలును గాక. ఏ ఇంట్లో ఎవరు పొయ్యి వేస్తూ వేస్తూ ముసలివారవుతున్నారో, వారి వెనకాల ఒకరు లేచి, "కూర్చో, ఈసారి కట్టె నేను వేస్తాను," అందురు గాక.